శనివారం పొద్దున 9 గంటలకు పార్కులో: యూకే వెళ్లిన విద్యార్థుల కోసం పార్క్‌రన్ రివ్యూ

జనవరి ఇన్‌టేక్‌లో యూకే వెళ్లేవాళ్లకు మొదటి దెబ్బ స్నేహాల దగ్గరే తగులుతుంది. కొత్త విద్యార్థుల పరిచయాల కోసం పెట్టే ఫ్రెషర్స్ వీక్ సెప్టెంబర్‌లోనే అయిపోయి ఉంటుంది. క్లాసులో ఎవరి జట్టు వాళ్లకు అప్పటికే కుదిరిపోయి ఉంటుంది. క్లాసులు వారానికి రెండు మూడు రోజులే, మిగతాదంతా షిఫ్టులు, అసైన్‌మెంట్లు, రూమ్. మూడు నెలలైనా ఆ ఊళ్లో మనల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కరూ ఉండరు. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లకు డబ్బు ఖర్చు లేకుండా, ఏడాది పొడుగునా, ఏ వారమైనా మొదలుపెట్టడానికి వీలుగా దొరికేది పార్క్‌రన్: ప్రతి శనివారం పొద్దున పార్కులో అందరూ కలిసి పరిగెత్తే, నడిచే కార్యక్రమం. పరుగు మీద ఇష్టం లేకపోయినా పర్వాలేదు. అసలు ఈ రివ్యూ ఎక్కువగా పరిగెత్తనివాళ్ల కోసమే.

2004 అక్టోబర్‌లో లండన్ బుషీ పార్కులో 13 మంది రన్నర్లతో ఇది మొదలైంది. ఇప్పుడు యూకేలో చాలా ఊళ్లలో ఉంది. మనవాళ్లు ఎక్కువగా చదివే ఊళ్లనే తీసుకుంటే కోవెంట్రీలో వార్ మెమోరియల్ పార్క్, బర్మింగ్‌హామ్‌లో క్యానన్ హిల్ పార్క్, మిడిల్స్‌బ్రోలో ఆల్బర్ట్ పార్క్. దూరం 5 కిలోమీటర్లు. ఇంగ్లండ్, వేల్స్‌లో 9 గంటలకు, స్కాట్లండ్, నార్తర్న్ ఐర్లండ్‌లో 9:30కి. ఇది పోటీ కాదు, టైమ్ లిమిట్ లేదు. మొత్తం నడిచినా ఎవరూ ఏమీ అనరు. అందరికంటే వెనక టెయిల్ వాకర్ అనే వాలంటీర్ నడుస్తారు, కాబట్టి ఆఖరున మిగిలిపోతామన్న భయం అక్కర్లేదు.

రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లో ఒక్కసారి చేసుకుంటే చాలు, ప్రపంచంలో ఏ పార్క్‌రన్‌కైనా అదే పనికొస్తుంది. ఎమర్జెన్సీ కాంటాక్ట్ దగ్గర చాలామంది ఇండియాలో ఉన్న అమ్మానాన్నల నంబరు ఇచ్చేస్తారు. అక్కడే ఉన్న రూమ్‌మేట్ నంబరు ఇవ్వండి. ‘ఎ’ అక్షరంతో మొదలయ్యే ఐడీ, దానికో బార్‌కోడ్ వస్తాయి. ఫోన్‌లో దాచుకోండి, ఒకటి ప్రింట్ కూడా తీసుకోండి. చలికి బ్యాటరీ పడిపోతుంది, వానకు తడిసిన స్క్రీన్ స్కాన్ అవ్వదు.

మొదటి వారం 8:40 కల్లా చేరండి. కొత్తవాళ్లకు విడిగా బ్రీఫింగ్ ఉంటుంది, దాన్ని వదులుకోవద్దు. పక్కన నిలబడ్డవాళ్లూ మీలాగే కొత్తవాళ్లు, మాట కలపడానికి అంతకంటే తేలికైన చోటు ఉండదు. ముగింపు గీత దాటాక ఫనెల్‌లో, అంటే వరుసగా నడవడానికి కట్టిన సన్నని దారిలో, ఎవరినీ దాటకుండా నడవాలి. చేతికో చిన్న ప్లాస్టిక్ టోకెన్ ఇస్తారు, దాని మీద మీరు ఎన్నో స్థానంలో వచ్చారో ఉంటుంది. స్కానర్ దగ్గర మీ బార్‌కోడ్, ఆ టోకెన్ రెండూ చూపించి టోకెన్ తిరిగి ఇచ్చేయాలి. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేస్తే వాళ్ల సెట్‌లో ఆ నంబరు లోటు పడుతుంది.

ఇంతవరకు బాగానే ఉంటుంది. కానీ చాలామంది నాలుగు వారాలు వెళ్లి, ఎవరూ పరిచయం కాలేదని మానేస్తారు. కారణం ఒక్కటే: పరిగెడుతున్నప్పుడు ఎవరూ మాట్లాడరు, అయిపోగానే వీళ్లు బస్సు ఎక్కేస్తారు. స్నేహం పుట్టేది వాలంటీరింగ్‌లోనూ, ఆ తర్వాత కాఫీ దగ్గరా. అందుకని రెండో వారమో మూడో వారమో మీ ఈవెంట్ పేజీలో ఉన్న ఈమెయిల్‌కు బుధవారం లోపు రెండు లైన్లు రాయండి: పేరు, ఐడీ, ఈ శనివారం ఏ పనికైనా సిద్ధమని. అనుభవం అడగరు, ఎలా చేయాలో అక్కడే చూపిస్తారు.

అన్ని పనులూ ఒకలాంటివి కావు. దారి చూపే మార్షల్ అయితే మలుపు దగ్గర ఒక్కరే గంటసేపు చలిలో నిలబడాలి. అవసరమైన పనే, కానీ ఒంటరితనంతో వచ్చినవాళ్లకు మొదట్లో వద్దు. బార్‌కోడ్ స్కానింగ్ మంచిది, ప్రతి మనిషీ మీ ఎదుటికొచ్చి ఒక మాట అనే వెళ్తారు. ఇంగ్లిష్‌లో తడబడేవాళ్లకు ఆ చిన్న చిన్న మాటలే అలవాటవుతాయి. అన్నిటికంటే మంచిది టోకెన్ సార్టింగ్. చాలాచోట్ల ఇది కేఫ్‌లోనే జరుగుతుంది. టేబుల్ మీద తడి తడి టోకెన్ల కుప్ప, చుట్టూ నలుగురైదుగురు, మధ్యలో టీ కప్పులు. 1 నుంచి వరుసగా పేర్చాలి, ఏ నంబరు తగ్గిందో చూడాలి. చేతికి పని ఉంటుంది కాబట్టి మౌనం ఇబ్బందిగా అనిపించదు, ‘వంద నుంచి నూట యాభై దాకా ఎవరి దగ్గరున్నాయి’ అంటూ మాట దానంతటదే మొదలవుతుంది. మన పెళ్లిళ్లలో కూరగాయలు తరిగే చోట కొత్త చుట్టాలు కలిసిపోయినట్టే.

అక్కడ అరవై ఏళ్లవాళ్లను కూడా పేరు పెట్టే పిలవాలి. మనకు నోరు రాదు, సర్ అనేస్తాం. అలా అంటే వాళ్లే దూరం జరుగుతారు. వయసు సంగతి కూడా ముందే తెలుసుకోండి: చాలా ఊళ్లలో వచ్చేది ఎక్కువగా నడివయసువాళ్లు, కుటుంబాలు. మీ వయసువాళ్లే కావాలంటే యూనివర్సిటీ సొసైటీలు, అంటే విద్యార్థుల క్లబ్బులు చూసుకోవాలి. కానీ ఇంటి ఓనర్ డిపాజిట్ తిరిగి ఇవ్వనప్పుడు ఏం చేయాలో, సీవీలో ఏ ముక్క బాగాలేదో చెప్పగలిగేది ఈ పెద్దవాళ్లే.

స్టూడెంట్ వీసా మీద అనుమానం చాలామందికి ఉంటుంది. జీతం, కాంట్రాక్టు లేకుండా ఇష్టపూర్వకంగా చేసే ఇలాంటి సాయం వారానికి 20 గంటల పని లెక్కలోకి రాదు. ఒప్పందం మీద, తప్పనిసరి గంటలతో చేసే ‘వాలంటరీ వర్క్’ వేరు, అది లెక్కలోకి వస్తుంది. ఇంకా సందేహముంటే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి.

శనివారం షిఫ్ట్ ఉన్నవాళ్లకు ఆదివారం జూనియర్ పార్క్‌రన్ ఉంది. 4 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 2 కిలోమీటర్లు, పెద్దలు వాలంటీర్లుగా సాయపడవచ్చు. కాఫీకి మూడు నాలుగు పౌండ్లు ఎందుకనుకుంటే టీ తీసుకోండి, ఏమీ కొనకుండా కూర్చున్నా ఎవరూ లెక్కపెట్టరు. నలుగురు తెలుగువాళ్లు కలిసి వెళ్తే మాత్రం బ్రీఫింగ్ దగ్గర నుంచి కేఫ్ దాకా తెలుగే నడుస్తుంది, వెళ్లిన ప్రయోజనం ఉండదు. వేర్వేరు పనులకు పేరిచ్చుకోండి. వారానికో పార్కు తిరగొద్దు. ఒకే చోట కనీసం ఎనిమిది వారాలు కనబడితేనే మొహం గుర్తుంటుంది, రానప్పుడు ఎక్కడికెళ్లావని అడుగుతారు.

ఇది వైద్యం కాదు. నిద్ర పట్టక, తిండి సహించక, మంచం దిగబుద్ధి కాకపోతే ముందు జీపీని (మీరు పేరు నమోదు చేసుకున్న క్లినిక్ డాక్టరును), యూనివర్సిటీ వెల్‌బీయింగ్ టీమ్‌ను కలవండి. రాత్రి ఏ వేళైనా మాట్లాడే మనిషి కావాలంటే సమారిటన్స్ హెల్ప్‌లైన్ 116 123, ఫోన్‌కు డబ్బు పడదు. జీపీలు పేషెంట్లకు పార్క్‌రన్ సూచించేలా జీపీల సంస్థ అయిన రాయల్ కాలేజ్ ఆఫ్ జీపీస్‌తో 2018లో ఒక కార్యక్రమం కూడా మొదలైంది.

చలికాలంలో రెండు జాగ్రత్తలు. మంచు గడ్డకడితే రద్దు చేస్తారు, బయల్దేరే ముందు ఈవెంట్ పేజీ చూడండి. ఇక క్రిస్మస్ రోజు కొన్ని పార్కుల్లో ప్రత్యేకంగా పెడతారు. క్యాంపస్ మూసేసి, రూమ్‌మేట్లు ఊరెళ్లిపోయిన ఆ పొద్దున వెళ్లదగిన చోటు అదే. కానీ ఆ రోజు చాలా ఊళ్లలో బస్సులు, రైళ్లు తిరగవు. నడిచి వెళ్లగలిగే పార్కులో ఉందో లేదో వారం ముందే చూసి పెట్టుకోండి.