మా ఊరి ఫ్యామిలీ కౌన్సెలింగ్ సెంటర్: ఫీజు లేదు, ఓపిక మాత్రం కావాలి

మా ఊళ్లో ఒక మహిళా సంఘం చాలా ఏళ్లుగా నడుపుతున్న ఫ్యామిలీ కౌన్సెలింగ్ సెంటర్ గురించి రాస్తున్నా. మా పిన్ని కూతురి కాపురంలో గొడవలొస్తే తనకి తోడుగా వెళ్లి చూసిన సంగతులివి. సంఘం పేరు రాయను. పొగడ్తలతో పాటు తిట్లు కూడా ఉన్నాయి, పైగా ఇలాంటివి చాలా ఊళ్లలో దాదాపు ఒకే పద్ధతిలో నడుస్తాయి కాబట్టి మీ దగ్గర ఉన్నదానికీ ఇది పనికొస్తుంది.

ఫీజు లేదు, నిజంగానే లేదు, చివర్లో విరాళం అని కూడా అడగలేదు. తెల్ల కాగితం మీద అర్జీ రాసివ్వాలి, రాయడం రాకపోతే వాళ్లే కూర్చుని రాసిపెడతారు. ఆధార్ జిరాక్సు, పెళ్లి ఫొటో, ఉంటే శుభలేఖ పట్టుకెళ్తే సరిపోతుంది. ముందు అమ్మాయిని ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని మాట్లాడతారు, తోడొచ్చిన వాళ్లందరినీ వరండాలోకి పంపేస్తారు. మా పిన్నికి ఇది అస్సలు నచ్చలేదు, "కన్నతల్లిని, నాకు తెలియని విషయాలేం ఉంటాయి" అని బయట సణుగుతూనే ఉంది. నాకైతే వాళ్ల మీద నమ్మకం కుదిరింది అక్కడే, ఎందుకంటే తల్లి ఎదురుగా నోరు తెరవలేని సంగతులు ఏ కూతురికైనా కొన్ని ఉంటాయి.

తర్వాత అవతలి వాళ్లకి ఉత్తరం వెళ్తుంది. అది కోర్టు నోటీసు కాదు, రాకపోతే పట్టుకొచ్చే అధికారం వీళ్లకి లేదు, ఆ మాట మొదటి రోజే చెప్పేశారు. మా మరిది, అంటే మా చెల్లి మొగుడు, మొదటి ఉత్తరానికి పలకలేదు, ఫోన్ చేస్తే పని ఉందన్నాడు, ఆఖరికి సెంటర్ నుంచి ఒకామె ఇంటికే వెళ్లి మాట్లాడితే దిగొచ్చాడు. అతన్ని విడిగా కూర్చోబెట్టి, ఆ తర్వాతే ఇద్దరినీ కలిపి సిట్టింగ్ పెట్టారు. అంతకుముందు ఇదే గొడవ మీద పెద్దమనుషుల పంచాయితీ ఒకటి అయింది లెండి. అందులో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లదే న్యాయం, మా చెల్లి నోరు విప్పే సందే దొరకలేదు. ఇక్కడ ఒకళ్లు మాట్లాడుతుంటే ఇంకొకళ్లు అడ్డం రాకూడదు, వస్తే కౌన్సెలర్ ఆపేస్తుంది. ఆ ఒక్క రూల్ వల్లే సగం గొడవ అర్థమైంది నాకు.

ఇక తిట్లు. టైమ్ చెప్పి పిలిచి గంటలు కూర్చోబెడతారు. గదికి తలుపు లేదు, కర్టెన్ ఒకటే అడ్డం. లోపల ఏడుస్తూ చెప్పుకునేదంతా వరండాలో ఉన్నవాళ్లకి వినపడుతుంది, మేమూ విన్నాం. కౌన్సెలర్లు ఇద్దరుంటే అందులో ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసిన చిన్నావిడ ఎంత ఓపికగా విందో, సీనియర్ ఆవిడ అంత తొందరగా "పిల్లాడున్నాడు కదమ్మా, కాస్త సర్దుకుపో" దాకా వచ్చేసింది. చెయ్యి చేసుకున్నాడని చెప్పిన అమ్మాయితో అనే మాటేనా అది? రిజిస్టర్‌లో కేసుల పక్కన 'రాజీ కుదిరింది' అని రాసుకునే గడి ఒకటి ఉంది, అది నిండితేనే పని జరిగినట్టు లెక్క. ఒక ఆడమనిషి ధైర్యంగా విడిగా బతకడం మొదలుపెడితే దాన్ని రాసుకోవడానికి గడి లేదు.

నాకు ఇంకా ఒళ్లు మండింది ఎందుకంటే, సరిగ్గా ఆ సీనియర్ ఆవిడ కుర్చీ వెనకాల గోడ మీద దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఫొటో ఉంది. దుర్గాబాయమ్మ ఎవరో తెలిసిన వాళ్లెవరూ ఆ ఫొటో కింద కూర్చుని 'సర్దుకుపో' అనకూడదు. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆవిడకి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. వయసొచ్చాక ఆ కాపురం నాకొద్దని తెగేసి చెప్పింది, పుట్టింటి వాళ్లు వెనక నిలబడ్డారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖద్దరు ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరుగా ఉండి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసిన పిల్ల కూడా ఆవిడే. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకెళ్తే, అక్కడ ఏ కాగితంలో ఏముందో చదవలేని, తమ మీద పెట్టిన కేసేంటో కూడా సరిగ్గా తెలియని ఆడవాళ్లని చూసింది. బయటికొచ్చాక మొదలుపెట్టిన పనికంతటికీ మూలం అక్కడే ఉంది.

ఆ పని పేరే ఆంధ్ర మహిళా సభ, 1937, మద్రాసు. మైలాపూర్‌లో ఆడపిల్లల్ని పోగేసి బెనారస్ హిందూ యూనివర్సిటీ పెట్టే మెట్రిక్ పరీక్షకి చదివించడంతో ఊపందుకుంది. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, చిన్నతనంలోనే విధవలైనవాళ్లు మళ్లీ పుస్తకం పట్టేలా చేసి, దాంతో పాటు చేతికో పని నేర్పించేవాళ్లు. దుర్గాబాయి తానూ అలాగే ఆలస్యంగా చదువుకుంది, ఆంధ్రా యూనివర్సిటీలో డిగ్రీ, తర్వాత లా, ఆ తర్వాత రాజ్యాంగ సభలో సభ్యురాలు. సభ హైదరాబాద్‌కి కూడా విస్తరించింది, విద్యానగర్‌లో ఆవిడ పేరు మీదున్న ఆస్పత్రి హైదరాబాద్ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇదంతా రివ్యూలో ఎందుకంటారా, నేను వెళ్లిన చోటు దీనికి మనవరాలి వరస కాబట్టి.

ఎలాగంటే, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెడితే దానికి మొదటి ఛైర్మన్ దుర్గాబాయే. ప్రభుత్వమే అన్నీ నడపక్కర్లేదు, ఊళ్లలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలకి డబ్బిస్తే వాళ్లే చేస్తారన్నది బోర్డు దారి. ఊరూరా మహిళా మండళ్లు, బాల్వాడీలు, కుట్టు మిషన్ల క్లాసులు ఆ గ్రాంట్ల మీదే లేచాయి. పెద్దవయసు ఆడవాళ్లకి తక్కువ కాలంలో చదువు పూర్తి చేయించే కోర్సులు 1958లో బోర్డు మొదలుపెట్టింది, మైలాపూర్ పద్ధతే మరి. ఫ్యామిలీ కౌన్సెలింగ్ సెంటర్ల పథకం మాత్రం చాలా తర్వాత, 1983లో వచ్చింది. సెంటర్‌కి ఇద్దరు కౌన్సెలర్లు, జీతాలకి గ్రాంటు, నడిపే బాధ్యత స్థానిక సంస్థది. 2022లో కేంద్రం ఆ బోర్డునే మూసేసింది. మా సెంటర్‌లో జీతాల సంగతి అడిగితే నవ్వి ఊరుకున్నారు, గదికి తలుపెందుకు లేదో అప్పుడర్థమైంది. అర్థమైనంత మాత్రాన కర్టెన్‌ని క్షమించానని కాదు, పాత చీర ఇంకోటి కడితే అయ్యే ఖర్చేముంది.

దుర్గాబాయి గురించే ఇంకో ముక్క. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి, మనకీ కావాలని జస్టిస్ చాగ్లా, జస్టిస్ గజేంద్రగడ్కర్‌లతోనూ, నెహ్రూతోనూ మాట్లాడింది. చట్టం వచ్చింది 1984లో, ఆవిడ పోయిన మూడేళ్లకి. ఆ చట్టంలోనే సంక్షేమ సంస్థల సాయం తీసుకోవచ్చని, కౌన్సెలర్లని పెట్టొచ్చని ఉంది, అందుకే ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కినా ముందు ఎదురయ్యేది కౌన్సెలింగే. కోర్టుకి పోతే ఇదంతా ఉండదు కదా అనుకుని సెంటర్‌ని దాటేసేవాళ్లకి ఈ సంగతి తెలియాలి.

నాకు నిజంగా నచ్చింది కౌన్సెలింగ్ గది కాదు, దాని పక్క గది. అక్కడ పాత కుట్టు మిషన్ల మీద టైలరింగ్ క్లాసు, సాయంత్రం పూట ఓపెన్ స్కూల్ పరీక్షలకి చదువు చెప్పే ఒక రిటైర్డ్ టీచరమ్మ. సిట్టింగ్ కోసం గంటలు గంటలు కూర్చోవాల్సి వచ్చినప్పుడు మా చెల్లి ఆ గదిలోకి తొంగిచూసి, రెండు మాటలు కలిపి, ఆఖరికి ఇంటర్ కట్టడానికి పేరు రాయించుకుంది. పెళ్లి కోసం ఆపేసిన చదువు అది. సీనియర్ మేడం ఇచ్చిన సలహాలన్నిటికంటే తనని నిటారుగా నిలబెట్టింది ఆ గదే అని నా లెక్క, మా పిన్ని మాత్రం ఒప్పుకోదు. మొగుడూ పెళ్లాం కలిశారా విడిపోయారా అని కామెంట్లలో అడగకండి, అది తన విషయం.

మీరు వెళ్లేట్టయితే కొన్ని సంగతులు. మాట పట్టింపులు, అత్తింట్లో పెత్తనాలు, డబ్బు లెక్కలు, తాగుడు, వేరు కాపురం గొడవలు, ఇలాంటివాటికి సెంటర్ మంచిదే, లాయర్ ఖర్చు లేకుండా అవతలి మనిషి ఎదురుగా కూర్చుని వింటాడు. మీకేం కావాలో మీరే ముందు తేల్చుకుని వెళ్లండి, తేల్చుకోకపోతే వాళ్లు రాజీ అని తేల్చేస్తారు. సీనియర్, జూనియర్ అని మొహమాటపడకుండా ఏ కౌన్సెలర్‌తో మాట్లాడాలనుకుంటున్నారో అడగండి, మేం అడిగాం, మార్చారు. ఒప్పందం రాస్తే ఒక కాపీ తీసుకోకుండా బయటికి రావద్దు, చదవకుండా సంతకం అసలే వద్దు.

కొడుతున్నాడు, ప్రాణభయం ఉంది అంటే మాత్రం సిట్టింగుల కోసం ఎదురుచూడకండి. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, హింసకి గురైన ఆడవాళ్లకి సాయమంతా ఒకేచోట ఇచ్చే సఖి వన్ స్టాప్ సెంటర్ ఉంది. 2005 గృహహింస చట్టం కింద బాధితులకి సాయం చేసే సంస్థగా, అంటే సర్వీస్ ప్రొవైడర్‌గా రిజిస్టర్ అయిన సంస్థ అయితే జరిగిన హింస మీద రిపోర్టు రాసి మేజిస్ట్రేటుకీ, ఆ చట్టం అమలుకి ప్రభుత్వం పెట్టిన ప్రొటెక్షన్ ఆఫీసర్‌కీ పంపించగలదు. మీ ఊరి సెంటర్‌కి ఆ రిజిస్ట్రేషన్ ఉందో లేదో గుమ్మంలోనే అడిగేయండి. లాయర్‌కి డబ్బుల్లేవని ఆగక్కర్లేదు, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది.

కౌన్సెలింగ్‌కి ఐదుకి మూడు, పక్క గదికి ఐదుకి ఐదు. ఇంట్లో మూలన పడున్న కుట్టు మిషన్ ఎవరిదగ్గరైనా ఉంటే అమ్ముకోకుండా ఇలాంటి చోటికి ఇవ్వండి, మా వాళ్ల దగ్గర నేర్చుకునేవాళ్లు ఎక్కువ, మిషన్లు తక్కువ.