భారత్ గృహ రక్ష: ఏ నష్టానికి క్లెయిమ్ వేయాలి, దేన్ని వదిలేయాలి

2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఒకే నమూనాలో అమ్ముతున్న ఇంటి బీమా ఇది. మూల షరతులు ఎక్కడైనా అవే. తేడా అంతా ప్రీమియంలో, క్లెయిమ్ సర్వీసులో.

చిన్న నష్టానికి క్లెయిమ్ వేస్తే తర్వాత దెబ్బ పడుతుందనే మాట ఎక్కువగా అమెరికాలో ఉన్న మనవాళ్లు చెబుతుంటారు. అక్కడ క్లెయిముల చరిత్ర 'క్లూ' రికార్డులో ఏడేళ్ల దాకా ఉంటుంది కాబట్టి వాళ్ల భయం వాళ్లది. మన ఈ నమూనాలో మాత్రం కారు బీమాలోలా పోగొట్టుకోవడానికి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) లేదు. క్లెయిమ్ ఇచ్చాక బీమా మొత్తాన్ని మళ్లీ నింపేందుకు, మిగిలిన కాలానికి దామాషా ప్రీమియం కోసుకుంటారు. అది చిన్న మొత్తమే. పాలసీ షెడ్యూల్‌లో ఎక్సెస్ (ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన మొత్తం) ఏమైనా రాసి ఉంటే మాత్రం రిపేరు ఖర్చు అంతకు మించుతుందా అని ముందే చూసుకోండి.

అసలు చూడాల్సింది నష్టానికి కారణం. పైపు పగిలో, ట్యాంకు పొంగిపొర్లో ఫాల్స్ సీలింగ్ కూలితే వెంటనే క్లెయిమ్ వేయండి. అదే బాత్రూమ్ గోడ నుంచి నెలల తరబడి నెమ్ము ఎక్కి పెయింట్ పెచ్చులూడితే మేస్త్రీని పిలవడమే మేలు. అది అరుగుదల కింద పోతుంది, క్లెయిమ్ రాదు. నష్టం అంచనా వేయడానికి వచ్చే సర్వేయరు గోడ దగ్గర మొదట చూసేది బూజు చారలు, పాత మరక మీద కొత్త మరక పడిందా అన్నదే. షార్ట్ సర్క్యూట్‌తో టీవీ కాలితే ఆ టీవీకి రాదు, దాని నుంచి మంటలు పాకి సోఫా కాలితే సోఫాకి వస్తుంది. మామూలు దొంగతనం ఇందులో లేదు. వరద, అగ్నిప్రమాదం లాంటివి జరిగిన ఏడు రోజుల్లో, వాటి కారణంగా జరిగిన చోరీకే వర్తిస్తుంది. ఇది చాలామందికి క్లెయిమ్ వేసినప్పుడే తెలుస్తుంది, ఏజెంట్లు చెప్పరు మరి.

వేయాలనుకుంటే ఆలస్యం వద్దు. నీటి వాల్వు కట్టేసి, ఏదీ తుడవకముందే ఫొటోలు, వీడియో తీసి కంపెనీకి చెప్పండి. మంటలైతే ఫైర్ స్టేషన్ రిపోర్టు, చోరీ అయితే ఎఫ్ఐఆర్ కావాలి. నష్టం గమనించిన 30 రోజుల్లోపు క్లెయిమ్ ఫారం అందాలి. పాడైన సామాను సర్వేయరు చూసేదాకా పాత సామాన్లవాడికి వేయకండి. అడిగినప్పుడు చూపించడానికి వస్తువు లేకపోతే ఫొటో ఒక్కటే సరిపోదు.

ఈ పాలసీలో బాగా నచ్చేది, బీమా తక్కువకు చేయించినా క్లెయిమ్‌లో ఆ మేరకు కోత వేయకపోవడం. పాత ఫైర్ పాలసీలో 40 లక్షల ఇంటికి 20 లక్షలకే చేయిస్తే, 4 లక్షల నష్టానికి 2 లక్షలే వచ్చేవి. ఇందులో బీమా మొత్తం దాటనంతవరకు అంగీకరించిన నష్టం పూర్తిగా ఇస్తారు. ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, ఇంట్లో సామానుకు జాబితా ఇవ్వకుండానే కవర్ ఉంటుంది. నగలకు మాత్రం విడిగా కవర్ తీసుకోవాలి.