నికోటిన్ లేదని వేప్ (బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్) అమ్ముతున్నాడు, నల్గొండ వాళ్ళు జాగ్రత్త

వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో పంపిస్తాడు కదా, అతని గురించే రాస్తున్నా. మన ప్రకాశం బజార్‌లోనే నాకు తెలిసి నలుగురు అతని దగ్గర కొన్నారు.

నాది పదిహేనేళ్ళ సిగరెట్ అలవాటు. పొద్దున లేస్తే దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. మానేద్దామనే కొన్నాను. "ఇది ఉత్త ఆవిరి అన్నా, నికోటిన్ సున్నా, నెల రోజుల్ల సిగరెట్ మర్చిపోతవ్" అన్నాడు. బిల్లు కూడా అడక్కుండా 2,200 ముందే పంపించాను. మా ఆవిడ వద్దంటూనే ఉంది, వినలేదు, ఆ తప్పు నాదే.

సిగరెట్ మానలేదు సరికదా రెండూ మొదలయ్యాయి. బయట సిగరెట్, షాపులో కూర్చుంటే ఇది. మామిడిపండు వాసన కాబట్టి ఎవరికీ తెలియదు, అందుకే పొద్దంతా నోట్లోనే ఉండేది. మూడో వారానికి గుండె దడ, రాత్రి నిద్ర లేదు, చేతిలో అది లేకపోతే ఒకటే టెన్షన్. మొన్న రాత్రి అనుమానం వచ్చి డబ్బా మీద స్టిక్కర్ గోటితో గీకితే కింద ఇంగ్లీషులో నికోటిన్ 5 శాతం అని ఉంది. అంటే మిల్లీలీటరుకు దాదాపు 50 మిల్లీగ్రాములు! కనబడకుండా పైన స్టిక్కర్ వేసి అమ్మాడు.

వెంటనే ఫోన్ చేశాను. నవ్వాడు. "పైసలు వాపస్ రావన్నా. బ్యాన్ అయిన వస్తువు కొన్నది నువ్వు, స్టేషన్‌కు పోతే ముందుగాల నిన్నే కూసోబెడ్తరు" అని పెట్టేసి బ్లాక్ చేశాడు. అన్నా అన్నా అని పిలిచినవాడే. ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది.

వీటిని 2019లోనే దేశమంతా నిషేధించారని నాకు నిజంగా తెలియదు. తయారు చేసినా, అమ్మినా, ప్రచారం చేసినా మొదటిసారికే ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా. అది అతనికి బాగా తెలుసు, నన్ను బెదిరించడానికి దాన్నే వాడుకున్నాడు.

నిన్న డాక్టర్ దగ్గరికి వెళ్తే బీపీ ఎక్కువుంది. పొగాకు కాలదు కాబట్టి తారు ఉండదు గానీ గుండె వేగాన్ని, బీపీని పెంచేది నికోటినే, అలవాటు వదలకుండా పట్టుకునేదీ అదే అన్నారు. తినే వాటిలో వేసే ఫ్లేవర్లను వేడి చేసి ఊపిరితిత్తుల్లోకి పీలిస్తే సురక్షితమని అనుకోవద్దన్నారు. ఇంటర్ చదివే మా అబ్బాయి "ఏం వాసన నాన్నా, బాగుంది" అన్న రోజు గుర్తొచ్చి చేతులు వణికాయి.

మానాలనుకునేవాళ్ళు సిగరెట్ పెట్టె మీదుండే 1800-11-2356కి చేయండి, పైసా ఖర్చు లేదు. అతని దగ్గర ఇప్పటికే కొన్నవాళ్ళు ముందు ఆ స్టిక్కర్ గీకి చూడండి.