పాట నేర్పే చోట ఏఐ: చాలా కాలం వాడాక నా సమీక్ష

గాత్రం నేర్పడం నా వృత్తి. పాటలోంచి గొంతునీ వాద్యాలనీ విడదీసే టూల్స్, శ్రుతి చూపించే యాప్‌లు, నాలుగు మాటలు రాస్తే పాట చేసిచ్చే జనరేటర్లు, పాఠాల తయారీకి చాట్‌బాట్‌లు... ఇవన్నీ చాలా కాలంగా క్లాసులో వాడుతున్నాను. అన్నింటికీ ఒకే మార్కులు వేయలేను. పాటను విప్పి చూపించడంలో ఏఐని మించింది నాకు ఇంతవరకూ దొరకలేదు. పాట కట్టడంలో, తప్పొప్పులు తేల్చడంలో మాత్రం దానికి పిల్లల్ని అప్పగించకూడదని నా గట్టి అభిప్రాయం.

ముందు విడదీసే టూల్స్ సంగతి. 2019లో పాటలు వినిపించే డీజర్ సంస్థ, స్ప్లీటర్ అనే టూల్‌ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. మెటా పరిశోధకులు తయారుచేసిన డెమక్స్ కూడా అలాంటిదే. పాట ఫైలు ఇస్తే గొంతు, డ్రమ్స్, బేస్, మిగతా వాద్యాలు అని నాలుగు ట్రాకులు చేసి ఇస్తాయి. ఇంగ్లండ్ బీటిల్స్ బృందం గాయకుడు జాన్ లెనన్ పియానో వాయిస్తూ పాడుకున్న పాత క్యాసెట్‌లోంచి ఆయన గొంతును వేరుచేసి, 2023లో బీటిల్స్ చివరి పాటగా తీసుకురాగలిగింది ఇదే తరహా పరిజ్ఞానంతో.

క్లాసులో దీని ఉపయోగం మాటల్లో చెప్తే తక్కువే. చరణంలో మూడో పాదం దగ్గర ఊపిరి చాలక ఆగిపోయే అమ్మాయి ఒకరు ఉండేది. "పెద్ద గాయనులకి ఊపిరి ఎక్కువ ఉంటుందా టీచర్?" అని అడిగేది. ఆ పాటలో గొంతు ట్రాకు ఒక్కటే పెట్టి హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. పూర్తి పాటలో తబలా కింద కలిసిపోయే చిన్న ఊపిరి అక్కడ విడిగా వినిపించింది. గాయని పాదం చివర కాదు, మధ్యలో ఒక మాట పూర్తికాగానే ఊపిరి తీసుకుంటోంది. ఆ చోటుని ఆ అమ్మాయే పట్టుకుంది, నేను చెప్పలేదు. "ఇక్కడ ఊపిరి తీసుకో" అని నేను ఎన్నిసార్లు చెప్పినా అది నా మాటే. తన చెవితో విని తెలుసుకుంటే అది తన విద్య.

లోపాలు లేవని కాదు. ఇలాంటి మోడల్స్‌కి శిక్షణ ఎక్కువగా పాశ్చాత్య పాప్, రాక్ పాటల మీద జరిగింది. అందుకే మృదంగం ఉన్న రికార్డింగ్ ఇస్తే ఎడమ వైపు నాదం కొంత బేస్ ట్రాకులోకి, కుడి వైపు మోత డ్రమ్స్‌లోకి పోయి ఒకే వాద్యం రెండు ముక్కలవుతుంది. వయొలిన్ గొంతు వెంటే నడుస్తుంటే దాని నీడ గొంతు ట్రాకులో మిగిలిపోతుంది. నేర్పడానికి ఇవి పెద్ద అడ్డంకి కాదు. ఆ ట్రాకు మీద పాడి రికార్డు చేసి బయట పెట్టాలనుకునేవాళ్లకి మాత్రం ఇబ్బందే.

శ్రుతి యాప్‌ల గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రులు ఎక్కువగా ఇవే కొనిపిస్తున్నారు. పాడుతుంటే తెర మీద గీత వస్తుంది, స్వరం సరిగ్గా పడితే పచ్చగా, తప్పితే ఎర్రగా. షడ్జం (స), పంచమం (ప) మీద గొంతు నిలబెట్టడానికి ఇది బంగారం లాంటి సాధనం. ఇంట్లో సాధన చేసేటప్పుడు పక్కన టీచర్ లేని లోటు చాలావరకు తీరుస్తుంది. చిక్కల్లా గమకం దగ్గర, అంటే స్వరాన్ని ఊపుతూ పాడే చోట వస్తుంది. నేను వాడిన యాప్‌లు సప్తకాన్ని 12 సమాన భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని 100 సెంట్లుగా (శ్రుతిని కొలిచే చిన్న కొలత) లెక్కపెట్టి, గొంతు ఆ గళ్లలో ఏదో ఒకదానిలో కుదురుగా కూర్చోవాలని చూస్తాయి. తోడి రాగంలో గాంధారం (గ) అలా కూర్చునే స్వరం కాదు. అటు రిషభం (రి) వైపు, ఇటు మధ్యమం (మ) వైపు ఊగుతుంటేనే అది తోడి. ఆ ఊపుని యాప్ ఎర్రగా చూపిస్తుంది.

నా శిష్యుల్లో ఒకబ్బాయి తోడి చక్కగా పాడేవాడు. ఇంట్లో యాప్ పెట్టుకుని సాధన మొదలుపెట్టాక వారం వారం గాంధారం చదునైపోతూ వచ్చింది. అడిగితే, "ఇలా పాడితేనే పచ్చగా వస్తోంది టీచర్" అన్నాడు. యాప్ ఒప్పుని తప్పంటే పిల్లవాడు నమ్మాడు, దిద్దుకున్నాడు కూడా. నాకు చాలా బాధేసింది. ఇప్పుడు క్లాసులో ఒక పద్ధతి పెట్టాను: పాడేటప్పుడు తెర చూడకూడదు. ముందు పాడి రికార్డు చేయాలి, ఎక్కడ తేడా వచ్చిందో చెవితో విని నోటితో చెప్పాలి, ఆ తర్వాతే గ్రాఫ్ తెరవాలి. అలా చూస్తే అదే గ్రాఫ్ ఎంతో నేర్పుతుంది. గాంధారం ఎంత వెడల్పున ఊగిందో, ఎంత వేగంగా ఊగిందో గీతలో కనిపిస్తుంది.

చాట్‌బాట్‌లతో పాఠాల ప్రణాళిక, పిల్లలకి అర్థమయ్యే వివరణలు తొందరగా తయారవుతాయి. స్వరాలు రాయించడానికి మాత్రం పనికిరావు. మోహన రాగంలో సాధన వరసలు అడిగితే ఆరోహణ, అవరోహణ సరిగ్గా రాసి, వరసల్లోకి వచ్చేసరికి మధ్యమం పెట్టేసింది. మోహనంలో మధ్యమం, నిషాదం ఉండవు. ఎనిమిది దెబ్బల ఆది తాళానికి రెండో కాలంలో (దెబ్బకి రెండు స్వరాల వేగంలో) 16 స్వరాలు రావాల్సిన చోట లెక్కపెడితే 15 వచ్చాయి. అది ఒక మాట ముక్క తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఉందో చూసి రాస్తుంది, పాడుకుని చూసుకోదు కదా. టీచర్ దిద్దగలడు. కొత్తగా నేర్చుకునే పిల్ల అదే నిజమనుకుంటుంది.

ఇక పాట చేసిచ్చే జనరేటర్లు. మొదటిసారి విన్నప్పుడు ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది, నాకూ అంతే. తెలుగు మాటలు ఇచ్చి చూస్తే విరుపు తప్పుతుంది. "నీ కనులలో" అని ఇస్తే "నీక... నులలో" అని పాడింది. హ్రస్వాలు సాగతీసింది, ళ అన్న చోట ల పలికింది. ఈ తప్పులు రేపో మాపో సర్దుకోవచ్చు. నన్ను కలవరపెట్టేది వేరే. సొంతంగా నాలుగు పంక్తులు రాసుకుని, తడుముకుంటూ బాణీ కట్టే పిల్లలు, క్షణాల్లో మెరుగులు దిద్దిన పాట విన్నాక తమ బాణీని పక్కన పడేస్తున్నారు. "నాది దాని ముందు ఏం బావుంటుంది టీచర్" అంటున్నారు. ఆ పచ్చి బాణీలోనే వాళ్ల గొంతు, వాళ్ల ఆలోచన ఉంటాయి. అందుకని ముందు కూనిరాగం తీసి ఫోన్‌లో రికార్డు చేయమంటాను. అది పూర్తయ్యాక, అదే బాణీని జనరేటర్‌కి ఇచ్చి వాద్యాలు జతచేయించుకోవచ్చు. తన బాణీని వీణ, కీబోర్డు, డ్రమ్స్‌తో విన్న పిల్ల మొహం చూడాలి! ఆ ఒక్క పనికి జనరేటర్‌కి మంచి మార్కులే వేస్తాను.

హక్కుల సంగతి కూడా పిల్లలకి చెప్పి తీరాలి. కేవలం ప్రాంప్ట్ (ఏఐకి ఇచ్చే సూచన) రాసినంత మాత్రాన వచ్చిన పాట మీద కాపీరైట్ రాదని, మనిషి చేసిన సృజనకే రక్షణ ఉంటుందని 2025 జనవరిలో అమెరికా కాపీరైట్ కార్యాలయం తన నివేదికలో చెప్పింది.

గొంతు విషయంలో నేను మరీ పట్టుదలగా ఉంటాను. 2024లో ఏ.ఆర్. రహమాన్ ఒక సినిమా పాటలో కీర్తిశేషులైన ఇద్దరు గాయకుల గొంతులను ఏఐతో వినిపించినప్పుడు, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం పంపామని ఆయనే ప్రకటించారు. పెద్ద గాయకుల గొంతుకి అంత మర్యాద ఇవ్వాల్సి ఉంటే, పిల్లల గొంతుకీ ఇవ్వాలి. తల్లిదండ్రుల్ని అడగకుండా శిష్యుల రికార్డింగులు ఏ ఆన్‌లైన్ టూల్‌లోకీ ఎక్కించను. అందుకే, కొత్తగా మొదలుపెట్టే టీచర్లకి పాటను విడదీసే అల్టిమేట్ వోకల్ రిమూవర్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఉచితం, సొంత కంప్యూటర్‌లోనే నడుస్తుంది, మోడల్స్ ఒకసారి దించుకున్నాక ఇంటర్నెట్ అక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఒక్కో పాటకి కొంత ఎక్కువసేపు పడుతుంది కాబట్టి, క్లాసుకి ముందు రోజు రాత్రే పెట్టుకోండి.