నాలుగేళ్లు వాడాక నా ప్యాక్‌రాఫ్ట్ గురించి

ప్యాక్‌రాఫ్ట్ అంటే గాలి నింపుకుని నడుపుకునే ఒక్క మనిషి పడవ. నాది మూడు కిలోల లోపే ఉంటుంది, తెడ్డు నాలుగు ముక్కలుగా ఊడి వస్తుంది, అందుకని టెంటు, బియ్యం, స్టవ్‌తో పాటు అదీ వీపు మీదే వచ్చేస్తుంది. నేను కొన్నప్పుడు 32 వేలు పడింది. ఇంట్లో ఆ డబ్బు గురించి కంటే నీళ్ల గురించే ఎక్కువ గొడవ జరిగింది. 2017 నవంబర్‌లో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయిన సంగతి బెజవాడలో ఎవరూ మర్చిపోలేదు, అమ్మ అసలే మర్చిపోదు. ముందు లైఫ్ జాకెట్ కొని చూపించాకే ఒప్పుకుంది. ఇప్పటికీ మోకాలి లోతు నీళ్లైనా జాకెట్ లేకుండా ఎక్కను.

నేర్చుకున్నది మన కృష్ణలోనే, బ్యారేజీకి ఎగువన, భవానీ ద్వీపం వైపు, తెలిసిన జాలరి పడవ పక్కన ఉండగా. గేట్లు ఎత్తిన రోజుల్లో ఆ ఛాయలకు కూడా వెళ్లను. మొదటి వారమంతా పుట్టిలా అటూ ఇటూ తిరిగిపోతూనే ఉంది, వెనక రెక్క తగిలించాక గానీ తిన్నగా నడవలేదు.

దీని అసలు విలువ తెలిసింది మాత్రం ఉత్తరాఖండ్‌లో. కాఠ్‌గోదామ్‌లో రైలు దిగి భీమ్‌తాల్, అక్కడి నుంచి సాత్‌తాల్, తర్వాత నౌకుచియాతాల్, అంటే తొమ్మిది మూలల చెరువు. పొద్దంతా ఓక్, పైన్ చెట్ల మధ్య నడిచి, సాయంత్రం టెంటు వేసుకుని, తెల్లారగానే నీళ్లలోకి దిగడం. ఒడ్డున బోట్ల వాళ్లని అడిగి, వాళ్లు సరేనన్న చోటే దింపాను. ఉదయం నీళ్లు అద్దంలా ఉంటాయి, తొమ్మిది మూలల్లో ఒక్కో మూలకీ వెళ్లి తెడ్డు పైకెత్తి కూర్చుంటే పిట్టల అరుపులు తప్ప ఇంకేం వినపడవు. మధ్యాహ్నం దాటితే లోయలోంచి గాలి లేస్తుంది, ఇంత తేలికైన పడవని ఆకులా తోసేస్తుంది. ఒకరోజు ఎదురుగాలిలో అరగంట తెడ్డు వేసినా ఉన్నచోటే ఉన్నాను, భయమేసింది కూడా. అప్పటి నుంచి పదకొండు లోపు ఒడ్డుకి వచ్చేస్తా.

ఇంకో సంగతి, ఎండలో గట్టిగా నింపిన పడవ చల్లటి నీళ్లలో పెట్టగానే మెత్తబడుతుంది. కారుతోందని టెన్షన్ పడక్కర్లేదు, లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది, అంతే. ఐదు నిమిషాలాగి మళ్లీ నోటితో ఊదుకోవాలి. కింద చలి బాగా తగులుతుంది కాబట్టి పడుకునే మ్యాట్‌ని మడిచి వేసుకుని కూర్చుంటా.

నాకు నచ్చనిది అతుకుల జిగురు. రెండో వేసవిలో మడిచి అటక మీద పెట్టాను, మన ఎండలకి సీటు దగ్గర వేలెడు మేర ఊడిపోయింది. అమ్మినవాళ్లు పట్టించుకోలేదు. స్పిరిట్‌తో తుడిచి, జిగురు రాసి, రుబ్బురోలు పొత్రం బరువు పెట్టి రాత్రంతా వదిలేశా, ఇప్పటికీ పట్టే ఉంది. ఇప్పుడైతే పూర్తిగా ఆరబెట్టి, కొంచెం గాలి ఉంచి, మంచం కింద పెడుతున్నా. తడిగా మడిస్తే వారంలో బూజు వాసన ఖాయం.

ఇద్దరు కూర్చోవాలన్నా, పిల్లల్ని ఎక్కించుకోవాలన్నా ఇది వద్దు, పెద్ద కయాక్ చూసుకోండి. ఒక్కరే కొండలెక్కి చెరువుల్లో తిరగాలనుకునేవాళ్లకైతే, ఇదే ధరకి నేను మళ్లీ ఇదే కొంటాను.