పొదుగువాపు: వెంటనే ట్యూబు మందా, ఒక రోజు ఆగి పరీక్షా – ఏది మేలు?

ప్రతి పూటా పాలు పితికే ముందు ఒక్కో చన్ను నుంచి మూడు నాలుగు ధారలను నల్లటి అడుగున్న కప్పులోకి తీసి చూసే అలవాటు ఉంటే పొదుగువాపు చాలావరకు మొదటి పూటే దొరికిపోతుంది. నలుపు మీద తెల్లని పలుకులు తేలినా, విరిగిన పాలలా ముక్కలు పడినా, పాలకు బదులు పల్చని పసుపు నీరు వచ్చినా సంగతి అర్థమవుతుంది. ఆ వెంటనే చేయి, చన్ను రంధ్రం గుండా పొదుగులోకి ఎక్కించే యాంటీబయాటిక్ ట్యూబు మందు కోసం వెతుకుతుంది. ఆ ట్యూబును అప్పుడే ఎక్కించాలా, లేక పాల నమూనా తీసి ఒక రోజు ఆగి, ఏ బ్యాక్టీరియా ఉన్నదో తెలుసుకుని నిర్ణయించాలా అన్నది పశువైద్యంలో చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్న. ఈ రెంటికీ నడుమ, నమూనా తీసి పెట్టుకుని మందు మొదలుపెట్టే మూడో దారి కూడా ఉన్నది. జ్వరం లేని పశువు విషయంలో నా మొగ్గు ఆగడం వైపే. అయితే నమూనాను శుభ్రంగా తీయగలిగి, ఫలితం నిజంగా ఒక రోజులో చేతికి వచ్చే చోట మాత్రమే ఆ మాటకు విలువ.

ముందు తేల్చుకోవలసినది తీవ్రత

పశువైద్యులు పొదుగువాపును మూడు స్థాయిలుగా చూస్తారు. పాలలో మాత్రమే తేడా ఉండి పొదుగు మెత్తగా ఉంటే మొదటి స్థాయి. పాల తేడాతో పాటు ఆ చన్ను భాగం వాచి, వేడెక్కి, ముట్టుకుంటే పశువు కాలు విదిలిస్తే రెండో స్థాయి. వీటికి తోడు జ్వరం, మేత మానడం, కళ్లు లోపలికి పోవడం, లేవలేకపోవడం వంటివి ఉంటే మూడో స్థాయి. ఆరోగ్యంగా ఉన్న ఆవు శరీర ఉష్ణోగ్రత దాదాపు 38 నుంచి 39.3 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది కనుక, పొదుగును తడిమి చూడడంతో సరిపెట్టకుండా థర్మామీటరు పెట్టి చూడడం తప్పనిసరి. మూడో స్థాయిలో చాలా నీరసించిన పశువుకు ఒళ్లు చల్లబడి, ఉష్ణోగ్రత మామూలుకన్నా తక్కువగా ఉండవచ్చు. చెవులు చల్లగా ఉన్నాయి కదా, జ్వరం లేదులే అనుకుని మోసపోయే సందర్భం ఇదే.

మూడో స్థాయిలో ఆగాలా వద్దా అన్న చర్చకు తావు లేదు. అక్కడ తరచుగా కనిపించే కారణం ఈ.కోలై, క్లెబ్సియెల్లా వంటి కోలిఫారం బ్యాక్టీరియా. ఇవి చచ్చేటప్పుడు వాటి గోడలలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థం విడుదలై ఒళ్లంతా ప్రభావం చూపుతుంది. పొదుగులోకి ఎక్కించిన ట్యూబు ఆ విషాన్ని విరచలేదు. పశువును నిలబెట్టేది 7.2 శాతం గాఢత గల ఉప్పు సెలైన్‌ను పెద్ద ఆవుకు సుమారు రెండు లీటర్ల చొప్పున నరంలోకి ఎక్కించి, వెనువెంటనే కడుపునిండా నీళ్లు తాగించడం, తాగకపోతే గొట్టం ద్వారా పోయడం, ఫ్లూనిక్సిన్ వంటి వాపు తగ్గించే మందు ఇవ్వడం, అవసరాన్ని బట్టి కాల్షియం అందించడం. ఇటువంటి కేసులలో చెప్పుకోదగ్గ భాగంలో బ్యాక్టీరియా రక్తంలోకి చేరుతుంది కాబట్టి యాంటీబయాటిక్‌ను ఇంజెక్షన్‌గా కూడా ఇస్తారు. ఇంత హడావుడిలోనూ మొదటి మందు పడకముందే నమూనా తీసి పెట్టుకుంటే, అదే కారణం మందలోని మరో పశువును పట్టినప్పుడు పనికివస్తుంది.

పొదుగువాపు గురించి చెప్పే ‘ఆగుదాం’ అన్న మాట పశువులకు వచ్చే ప్రతి బ్యాక్టీరియా జబ్బుకూ వర్తించదని ఇక్కడే చెప్పాలి. గొంతు వాచి గురక పెట్టే గేదెకు పాశ్చురెల్లా వల్ల వచ్చే గొంతువాపు అనుమానం ఉన్నా, తొడ కండరాన్ని నొక్కితే చిటపటమనే జబ్బవాపు అనుమానం ఉన్నా, గంటలే లెక్క. ల్యాబు ఫలితం వచ్చేదాకా చూస్తే పశువు దక్కకపోవచ్చు. పొదుగు విషయంలో ఆగడం సాధ్యమవుతున్నది అంటే, పాలలో మాత్రమే తేడా ఉన్న పశువుకు ప్రాణాపాయం చాలా అరుదు కనుకనే.

వెంటనే ఎక్కించడం ఎందుకు మంచిదంటారు?

ఈ వాదనను తేలికగా తీసిపారేయలేము. స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే అనే బ్యాక్టీరియా పొదుగును ఆశ్రయించి బతుకుతూ, పితికే చేతుల ద్వారా, యంత్రం కప్పుల ద్వారా ఒక పశువు నుంచి మరొకదానికి పాకుతుంది. పెన్సిలిన్‌కు అది ఇట్టే లొంగుతుంది. అటువంటి మందలో ఆలస్యం వల్ల ఒరిగేది లేదు. స్ట్రెప్టోకాకస్ ఉబెరిస్ కూడా పెన్సిలిన్ జాతి మందులకు లొంగేదే, కాకపోతే దానికి రెండు మూడు ట్యూబులతో సరిపెట్టకుండా ఎక్కువ రోజులు కొనసాగించవలసి రావచ్చు. అదీ కాక, వెంటనే మందు పడిందన్న నిశ్చింత పశువును సాకేవారికి ఉంటుంది. నమూనాను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరు, బ్యాక్టీరియాను పెంచే పలకలు, వాటిని చదవగలిగే మనిషి లేని చోట పరీక్ష గురించి మాట్లాడడం మాటవరసే అవుతుంది.

అయితే ఈ వాదన ఒక ఊహ మీద నిలబడి ఉన్నది. పాలు చెడిన ప్రతి చన్నులోనూ ఇప్పుడు బతికి ఉన్న, ట్యూబు మందుకు లొంగే బ్యాక్టీరియా ఉన్నదన్నదే ఆ ఊహ. వాస్తవం వేరుగా ఉంటుంది. తేలికపాటి కేసుల నుంచి తీసిన నమూనాలలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా పలక మీద ఏమీ మొలకెత్తకపోవడం మామూలే. చాలాసార్లు పశువు రక్షణకణాలు బ్యాక్టీరియాను అప్పటికే తుదముట్టించి ఉంటాయి, మనకు కనపడుతున్న పలుకులు ఆ పోరాటపు శిథిలాలు మాత్రమే. తేలికపాటి ఈ.కోలై కేసులు కూడా ఎక్కువభాగం వాటంతట అవే సర్దుకుంటాయి. మైకోప్లాస్మాకు కణగోడే లేదు కనుక, గోడ కట్టడాన్ని అడ్డుకునే పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ మందులు దాని మీద పనిచేయవు. ఈస్టు, ప్రోటోథెకా అనే ఒక రకం శైవలం కారణమైనప్పుడు యాంటీబయాటిక్ శుద్ధ దండగ.

అన్నిటికన్నా మొండిది స్టెఫిలోకాకస్ ఆరియస్. ఇది పొదుగు కణజాలంలోకి చొచ్చుకుపోయి చిన్న చిన్న చీముగడ్డల చాటున, కొన్నిసార్లు రక్షణకణాల లోపలే దాక్కుంటుంది. చాలా జాతులు పెన్సిలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమును తయారుచేస్తాయి. ట్యూబులు వేయగానే పలుకులు తగ్గి పాలు బాగుపడినట్టు కనిపించి, మూడు వారాలకో నెలకో అదే చన్ను మళ్లీ చెడుతుంది. వయసు మళ్లి, రెండు మూడు చన్నులలో పాతుకుపోయి, పాలలో రక్షణకణాల సంఖ్య నెలల తరబడి ఎక్కువగా ఉన్న పశువులో పాలిచ్చే కాలంలో నయమయ్యే అవకాశం బాగా తక్కువ. అటువంటి పశువుకు ఏడాదిలో ఆరుసార్లు ట్యూబులు వేయడం వైద్యం అనిపించుకోదు. పాలు పారబోయడానికి అదొక సాకు మాత్రమే. ఆ పశువును చివర పితకడం, విడిగా ఉంచడం, చివరకు మందలోంచి తీసేయడం గురించి ఆలోచించాలంటే ముందుగా శత్రువు పేరు తెలియాలి. ఈ బ్యాక్టీరియా పాలలోకి అప్పుడప్పుడే విడుదలవుతుంది కనుక, ఒక్క నమూనాలో కనపడనంత మాత్రాన లేదని తీర్మానించకూడదు.

ఆ ఒక్క రోజులో ఏం జరుగుతుంది?

పరీక్ష విలువంతా నమూనాలో ఉన్నది. చన్నులను శుభ్రంగా తుడిచి, మొదటి ధారలు పారబోసి, 70 శాతం ఆల్కహాలులో ముంచిన దూదితో చన్ను కొనను దూది తెల్లగా వచ్చేదాకా రుద్దాలి. తుడిచేటప్పుడు అవతలి వైపు చన్నులతో మొదలుపెట్టి ఇవతలికి రావాలి. నమూనా తీసేటప్పుడు ఇవతలి వాటితో మొదలుపెట్టి అవతలికి వెళ్లాలి. లేకపోతే చేయి చాచినప్పుడు తుడిచిన చన్నుకే చొక్కా చేయి తగులుతుంది. సీసాను నిలువుగా పట్టకుండా ఏటవాలుగా పట్టుకుంటే పైనుంచి రాలే దుమ్ము, వెంట్రుకలు అందులో పడవు. ఒకే నమూనా నుంచి మూడు నాలుగు రకాల సూక్ష్మజీవులు పెరిగాయంటే అది పొదుగు చెప్పిన జవాబు కాదు, పేడ చెప్పిన జవాబు. ఆ నమూనాను పారేసి మళ్లీ తీయాలి.

పాలను పలక మీద గీసి 37 డిగ్రీల వేడిలో ఉంచితే సుమారు 24 గంటలలో మొదటి సమాచారం వస్తుంది. మెకాంకీ అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ వంటి పదార్థంలో ఒక రకం) మీద గులాబీరంగు చుక్కలు మొలిస్తే కోలిఫారం వైపు చూడాలి. రక్తం కలిపిన అగార్ మీద మాత్రమే పెరిగితే గ్రామ్ పాజిటివ్ రకమని, అంటే స్టెఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ వంటిదని అర్థం. హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే బుడగలు పొంగేవి స్టెఫిలోకాకస్‌లు, పొంగనివి స్ట్రెప్టోకాకస్‌లు. ఇంకా సులువైనది 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ పరీక్ష. ఒక చుక్క ద్రావణంలో కాలనీని కలిపి పుల్లను మెల్లగా పైకి లేపితే, ఈ.కోలై వంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా అయిన పక్షంలో గోడలు విచ్ఛిన్నమై బయటపడిన డీఎన్‌ఏ తీగపాకంలా సాగుతుంది. ఈ తొలి అంచనాకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. మందులలో ఏది పనిచేస్తుందో చూసే సెన్సిటివిటీ పరీక్షకు మాత్రం మరో రోజు పడుతుంది. తేలికపాటి కేసులో ఎక్కించాలా వద్దా అన్న మొదటి నిర్ణయానికి దాని కోసం ఎదురుచూడనక్కరలేదు.

దీనికి బదులు కాలిఫోర్నియా మాస్టైటిస్ పరీక్ష చాలదా అని అడిగేవారున్నారు. 1957 నుంచి వాడుకలో ఉన్న ఈ పరీక్ష చక్కనిదే. నాలుగు గుంటల పళ్లెంలో పాలు పోసి ఊదారంగు ద్రావణం కలిపి తిప్పితే, కణాలు ఎక్కువ ఉన్న గుంటలో జిగురు కడుతుంది. అక్కడ కూడా గడ్డకట్టించేది డీఎన్‌ఏయే, కాకపోతే అది పశువు కణాలది. ఆరోగ్యకరమైన చన్నులో మిల్లీలీటరుకు కణాలు లక్షలోపు ఉంటాయి. రెండు లక్షలు దాటితే లోపల ఇన్ఫెక్షన్ ఉన్నట్టు అనుమానించాలి. కంటికి కనపడని పొదుగువాపును పట్టడానికి ఇది వేగమైన పద్ధతి. అయితే ఏ చన్నులో జబ్బు ఉన్నదో చెప్పగలదు గాని, ఎవరు చేశారో చెప్పలేదు. పలుకులు కళ్లెదుట కనపడుతున్న చన్నుకు ఈ పరీక్ష చేయడం వల్ల కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

ఆగడం వల్ల నష్టం ఉంటుందా అన్నదానికి 2011లో ప్రచురితమైన ఒక ఉత్తర అమెరికా అధ్యయనం సూటిగా జవాబిచ్చింది. ఫామ్‌లోనే కల్చర్ చేసి, అంటే పలక మీద పెంచి చూసి, గ్రామ్ పాజిటివ్ పెరిగిన వాటికే ట్యూబు వేసిన పశువులలో యాంటీబయాటిక్ వాడకం దాదాపు సగానికి తగ్గింది. నయం కావడంలో, తరువాతి పాల దిగుబడిలో, అందరికీ వెంటనే వేసిన గుంపుతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మందు వేయని పశువు పాలు మామూలుగా మారగానే పనికివస్తాయి. మందు వేసిన పశువు పాలను లేబులు మీద రాసిన గడువు ముగిసేదాకా పారబోయాలి. ఆ గడువు పాటించకపోతే పెన్సిలిన్ పడని మనుషులకు ప్రమాదం, పాలు తోడుకోవడానికి వాడే మేలు బ్యాక్టీరియాకూ దెబ్బ.

నడిమి దారి, ఇంజెక్షన్ ప్రశ్న

నమూనా తీసి, ట్యూబు మొదలుపెట్టి, ఫలితాన్ని బట్టి కొనసాగించడమో ఆపడమో చేయడం మూడో దారి. ఇది పైకి తెలివిగా కనిపిస్తుంది, కానీ మొదటి ట్యూబు పడగానే పాలు పారబోసే గడువు మొదలైపోతుంది కనుక ఆగడంలో ఉన్న లాభం సగం పోయినట్టే. పొదుగు బాగా వాచిన రెండో స్థాయి పశువుకు, లేదా ల్యాబు దూరమై ఫలితానికి మూడు నాలుగు రోజులు పట్టే చోట నేను దీన్నే ఎంచుకుంటాను. నమూనాలను గడ్డకట్టించి దాచవచ్చు గాని, స్టెఫిలోకాకస్‌లు ఆ చలిని బాగానే తట్టుకుంటాయి, ఈ.కోలై వంటివి క్రమంగా చచ్చిపోతాయి. వారాల తరువాత పలక ఖాళీగా కనిపిస్తే ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ట్యూబు వేయాలనే తేలితే వేసే తీరు కూడా ముఖ్యమే. గొట్టాన్ని పూర్తిగా లోపలికి దూర్చకుండా, మూడు మిల్లీమీటర్ల మేరకే పెట్టి మందు వదలాలి. లోతుగా దూరిస్తే చన్ను రంధ్రాన్ని కాపాడే కెరాటిన్ పొర చిరిగి, కొనమీది సూక్ష్మజీవులు మందుతో పాటే లోపలికి చేరతాయి. ట్యూబుకు బదులు ఇంజెక్షన్ మేలన్న నమ్మకం తేలికపాటి కేసులలో నిలవదు. ముఖ్యంగా జెంటామైసిన్ పాలలోకి సరిగా చేరదు, మూత్రపిండాలలో మాత్రం నెలల తరబడి నిలిచిపోతుంది.

పాలిచ్చే కాలంలో లొంగని చన్నుకు వట్టిపోయే దశ మరో అవకాశం. అప్పుడు పాలు పిండము కనుక మందు ఎక్కువకాలం లోపల నిలుస్తుంది. ఇక్కడా అదే వివాదం ఉన్నది. వట్టిపోయే ప్రతి పశువుకూ ట్యూబు వేయడం దశాబ్దాల అలవాటు. ఐరోపా సమాఖ్యలో 2022 జనవరి 28 నుంచి అమలైన నిబంధనలు జబ్బు లేని పశువులకు ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ వేసే అలవాటును కట్టడి చేశాయి. కణాల సంఖ్య తక్కువగా ఉన్నవాటికి బిస్మత్ సబ్‌నైట్రేట్ సీలెంటుతో చన్ను మూసి, ఎక్కువ ఉన్నవాటికే మందు వేయడం నాకు సబబుగా తోస్తుంది. అయితే సీలెంటును మురికి చన్నులోకి ఎక్కిస్తే మురికిని లోపల పెట్టి తలుపు వేసినట్టే అవుతుంది.

ఒక రోజు ఆగడమంటే పశువును వదిలేయడం కాదు. నొప్పి ఉన్న పశువుకు మెలోక్సికామ్ వంటి మందు ఇవ్వవచ్చు, ఆ చన్ను పాలను విడిగా పిండి పారబోయాలి, చివరలో పితకాలి. సాయంత్రం మళ్లీ థర్మామీటరు పెట్టి చూసినప్పుడు 39.5 డిగ్రీలు దాటినా, మేత ముట్టకపోయినా, పలుకుల స్థానంలో నీరు వస్తున్నా, పలక మీద ఏం మొలుస్తుందో చూడకుండా ఆ రాత్రికే పశువైద్యుణ్ణి పిలవాలి.