రొయ్యల ఫ్యాక్టరీకి హైబ్రిడ్ క్లౌడ్: మూడున్నరేళ్ళు వాడాక

నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోర్టుకి పోయే దారిలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. అందులో కంప్యూటర్ల పని మొత్తం నాదే. మొత్తం అంటే సర్వర్ నుంచి లేబుల్ ప్రింటర్లో ఇరుక్కున్న స్టిక్కర్ దాకా. 2022 మధ్య నుంచి మేం హైబ్రిడ్ క్లౌడ్ మీద నడుస్తున్నాం. రెండు సర్వర్లు ఫ్యాక్టరీలో, మిగతాది ముంబైలో క్లౌడ్ కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్న సర్వర్లలో, రెంటినీ చూసుకోవడానికి ఒకే పోర్టల్. ప్లాట్‌ఫాం పేరు మాత్రం రాయను. నేను పడ్డ తిప్పల్లో సగం నా స్వయంకృతమే. మిగతా సగం ఎవరి దగ్గర కొన్నా ఇంచుమించు ఇవే ఉంటాయి.

అసలు క్లౌడ్ మాట ఎందుకొచ్చిందంటే పెన్నా వల్ల. 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీళ్ళకి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. మా ప్లాంటులోకి చుక్క నీరు రాలేదు. కానీ నేను ఉండేది కోవూరులో. అప్పట్లో మా బ్యాకప్ అంటే, ప్రతి శనివారం ఒక హార్డ్‌డిస్క్ బ్యాగులో వేసుకుని బండి మీద ఇంటికి తీసుకుపోవడమే. సర్వర్ నదికి ఆ పక్క, నేనూ డిస్కూ ఈ పక్క. ఆ రెండు రోజుల్లో సర్వర్‌కి ఏమైనా అయ్యుంటే ఏం చేసేవాడినో ఇప్పటికీ తెలియదు. నీళ్ళు తగ్గాక మా ఎండీ గారు అడిగిన మొదటి ప్రశ్న రొయ్యల గురించి కాదు, లెక్కల గురించి. "అబ్బయా, మన పుస్తకాలన్నీ నీ బ్యాగులోనా ఉండేది?"

దానికి తోడు మా సర్వర్లు పాతబడ్డాయి. విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీద నడిచేవి, దానికి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2023 అక్టోబరు 10తో ఆగిపోతుందని ముందే తెలుసు. కంపెనీల లెక్కల బ్యాకప్ రోజూ ఇండియాలో ఉన్న సర్వర్‌లో పడాలన్న నిబంధన కూడా 2022లోనే వచ్చింది. శనివారం బ్యాగు పద్ధతికి ఆడిటర్ గారు ఇక ఒప్పుకోలేదు.

చెన్నైలో ఒక డేటా సెంటర్ ఉంది, బ్యాకప్ అక్కడ పెడదాం, దగ్గర కూడానని డీలర్ సలహా ఇచ్చాడు. దగ్గరే, 175 కిలోమీటర్లు. నాకు నచ్చనిది కూడా ఆ దగ్గరతనమే. చెన్నైని ముంచే వాయుగుండం మనల్ని తడపకుండా పోదు. ముంబైలో వానలు పడవా అంటే పడతాయి, కానీ మనకు పడే రోజున కాదు. ఈ ఒక్క నిర్ణయం విషయంలో నన్ను నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను.

తరలించే టూల్ గురించి చెప్పాలి. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చింది అదే. మా దగ్గర 14 వర్చువల్ మిషన్లు (ఒకే సర్వర్ లోపల విడివిడి కంప్యూటర్లలా నడిచేవి), అన్నీ కలిపి దాదాపు 6 టీబీ. సర్వర్ నడుస్తుండగానే డిస్కు మొత్తం క్లౌడ్‌కి కాపీ అవుతుంది. తర్వాత మారిన ముక్కలు మాత్రమే పోతుంటాయి. చివరికి ఒక రోజు చూసుకుని ఇక్కడ ఆపి అక్కడ లేపడమే. ముందుగా విడి నెట్‌వర్క్‌లో ఉత్తుత్తిగా లేపి చూసుకోవచ్చు. ఆ ట్రయల్ నాలుగుసార్లు చేశాం. మూడోసారి దాకా అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ దొరకలేదని మొరాయించింది. అది అసలు రోజున తెలిసుంటే నా గతి ఏమయ్యేదో. అసలు మార్పిడి ఒక ఆదివారం 40 నిమిషాల్లో అయిపోయింది.

కాపీకి పట్టిన కాలం మాత్రం వేరే కథ. మాది 100 ఎంబీపీఎస్ లైను. ఆగకుండా నిండుగా వాడినా 6 టీబీకి అయిదున్నర రోజులు కావాలి. పగలంతా ఆఫీసు పని, రాత్రి 8 నుంచి పొద్దున 6 దాకానే దీనికి వదిలాం. మధ్యలో కొత్తగా మారిన డేటా మళ్ళీ తోడయ్యేది. మొత్తం 19 రాత్రులు. "ఒక వీకెండ్‌లో అయిపోతుంది సార్" అన్న అమ్మకందారు కూడికలు మాత్రమే చేశాడు, భాగహారం చేయలేదు.

ఇక అసలు దెబ్బ కాటా దగ్గర తగిలింది. రొయ్యల వ్యాపారం తెలియనివాళ్ళకి ఒక మాట. చెరువు నుంచి లారీ వచ్చి ఆగగానే ఐసులోంచి టబ్బులు దించుతారు, తూకం వేస్తారు, కౌంటు చూస్తారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు, రేటు దాన్ని బట్టే. 40 కౌంటుకో రేటు, 60 కౌంటుకో రేటు. రైతు పక్కనే నిలబడి స్క్రీన్ వంక చూస్తుంటాడు. ఇవన్నీ ఎక్కించే కొనుగోలు సాఫ్ట్‌వేర్ పన్నెండేళ్ళ కిందటిది. డేటాబేస్‌తో పాటు దాని సర్వర్ భాగాన్ని కూడా ముంబై పంపాం. తూకం కంప్యూటర్లు, వాటిలో నడిచే స్క్రీన్ ప్రోగ్రాం మాత్రం ఇక్కడే.

మొదటి రోజు పొద్దున ఏడింటికి ఫోన్. అవతల తూకం రాసే అమ్మాయి. "సార్, రైతు పేరు కొట్టి టీ తాగొచ్చినా ఇంకా తిరగతానే ఉండాది."

పోయి చూశాను. పేరు టైపు చేసి ఎంటర్ కొడితే 15 సెకన్లు తెల్లస్క్రీన్. ముంబైలో సర్వర్ చూస్తే ప్రాసెసర్ 4 శాతం మీద నిద్రపోతోంది. లైను ఖాళీగా ఉంది. ఎక్కడా లోపం లేదు, పని మాత్రం నడవడం లేదు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక డేటాబేస్‌లో ట్రేస్ పెట్టి లెక్కపెట్టాను. ఆ ఒక్క ఎంటర్‌కి వెనకాల 400 చిన్న చిన్న క్వెరీలు, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు, పోతున్నాయి. రైతు పాత బాకీ, చెరువు నంబరు, ఒక్కో కౌంటుకి ఆ రోజు రేటు, అన్నీ వరసగా, ఒకటి పూర్తయ్యాక ఇంకొకటి. ఫ్యాక్టరీలో సర్వర్ ఉన్నప్పుడు ఒక్కో క్వెరీకి ఒక మిల్లీసెకను కూడా పట్టేది కాదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. మా నుంచి ముంబై పోయి రావడానికి 38 మిల్లీసెకన్లు. 400 సార్లు పోయి వస్తే 15 సెకన్లు. లైను స్పీడు పెంచినా ఇది తగ్గదు. రోడ్డు వెడల్పు చేసినంత మాత్రాన ముంబై దగ్గరికి రాదు కదా.

తరలింపుకి ముందు వాడిన పరిశీలన టూల్ ఏ మిషన్ దేనితో మాట్లాడుతుందో గీతలు గీసి చక్కగా చూపించింది. ఎన్నిసార్లు మాట్లాడుతుందో మాత్రం చెప్పలేదు. మీరు ఎవరైనా ఈ పనికి దిగబోతుంటే ఆ గీతల బొమ్మ చూసి సంతోషపడకండి. ఒక్కో స్క్రీన్‌కి ఎన్ని క్వెరీలు పోతున్నాయో ముందు లెక్కపెట్టండి. పాత సాఫ్ట్‌వేర్ అయితే మరీను.

రెండో వారంలోనే ఆ మిషన్‌ని, దాని డేటాబేస్‌ని వెనక్కి తెచ్చుకున్నాం. పంపడానికి ఉన్నంత మంచి టూల్ తిరిగి తెచ్చుకోవడానికి లేదు. డిస్కు ఫైలుగా ఎగుమతి చేసి, దింపుకుని, ఇక్కడ మళ్ళీ అమర్చాలి. డేటా లోపలికి పోవడానికి పైసా తీసుకోరు, బయటికి రావడానికి జీబీ లెక్కన మీటరు. అత్తారింటికి సారె పంపినంత ఉత్సాహం వెనక్కి తెచ్చేటప్పుడు ఎవరికీ ఉండదు.

ఆ తర్వాత ఏది ఎక్కడుండాలో తేల్చడానికి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. నెట్ పోతే ప్లాంటులో పని ఆగుతుందా? ఆగేదైతే ఫ్యాక్టరీలోనే. తూకం, గ్రేడింగ్ లెక్కలు, లేబుళ్ళు, కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రత రికార్డు ఇక్కడ. అకౌంట్స్, జీతాలు, మెయిలు, బ్యాకప్, విదేశీ కొనుగోలుదారులు లాట్ నంబరు కొట్టి ఏ చెరువు సరుకో చూసుకునే పేజీ అక్కడ. ఈ చివరిది క్లౌడ్‌కి పోవడం నిజంగా హాయి. వాళ్ళకి పగలు, మనకి అర్ధరాత్రి. ఇంతకుముందు ఆ పేజీ ఆగిపోతే నిద్రలేచి ప్లాంటుకి పోయేవాడిని.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ అంతకు ముందే చెన్నైని ముంచి, మా జిల్లాని కూడా బాగా తడిపింది. మాకు 4వ తేదీ సాయంత్రం కరెంటు పోయింది, ఆ వెనకే ఫైబర్ తెగింది. స్టాండ్‌బైగా పెట్టుకున్న 4జీ, టవర్ బ్యాటరీ ఉన్నంతసేపు పనిచేసి అదీ పోయింది. జనరేటర్ మీద ప్లాంటు నడిచింది. మైనస్ 18 కింద ఉన్న సరుకు అలాగే ఉంది, ఉష్ణోగ్రత రికార్డు ఒక్క గంట కూడా తెగలేదు. హైబ్రిడ్ అన్న మాటకి పెట్టిన డబ్బు ఆ రాత్రే తీరిపోయింది.

అయితే అదే రాత్రి నా తెలివితక్కువతనం కూడా బయటపడింది. పదకొండింటికి ఒక వర్చువల్ మిషన్ బిగుసుకుపోయింది, రీస్టార్ట్ చేయాలి. పోర్టల్ తెరుచుకోదు, అది ఇంటర్నెట్‌లో ఉంది. సరే, సర్వర్ దగ్గరే కూర్చుని చేద్దామని పోతే లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ గుర్తులేదు. అది ఎక్కడుంది? భద్రంగా క్లౌడ్‌లోని పాస్‌వర్డ్ ఖజానాలో. ఇంట్లోనే తాళంచెవి పెట్టి తలుపేసుకున్నట్టయింది. టార్చిలైటు పట్టుకుని పాత డైరీలు వెతికితే ఒక పేజీ మూల దొరికింది. ఇప్పుడు ఆ పాస్‌వర్డ్ సీల్ వేసిన కవర్లో ఎండీ గారి బీరువాలో ఉంటుంది.

ఇంకో చిక్కు తర్వాత నెమ్మదిగా వెలిగింది. ఒకటి పోతే ఇంకోటి పని అందుకునేలా సర్వర్లని జతచేస్తే దాన్ని క్లస్టర్ అంటారు. రెండే సర్వర్లు ఉన్న క్లస్టర్‌లో ఒకదానికొకటి కనబడనప్పుడు ఏది నడవాలన్న తగువు తీర్చడానికి మూడో ఓటు కావాలి, దాన్ని విట్‌నెస్ అంటారు. మేం దాన్ని క్లౌడ్‌లో పెట్టుకున్నాం, చవక, ఇన్‌స్టాల్ చేసినవాళ్ళు కూడా అదే చెప్పారు. నెట్ లేని ఆ రెండు రోజుల్లో ఒక సర్వర్ కూడా పోయుంటే మిగిలినది ఒంటరిగా మెజారిటీ లేక ఆగిపోయే ప్రమాదం ఉంది. తుఫాను వస్తే ముందు పోయేది నెట్టే అయిన ఊళ్ళో సాక్షిని ముంబైలో పెట్టడమేంటి? వేబ్రిడ్జి గదిలో మూల పడి ఉన్న ఒక డెస్క్‌టాప్‌లో ఫైల్ షేర్ పెట్టి విట్‌నెస్‌ని అక్కడికి మార్చాను.

బిల్లు సంగతి. అంచనా నెలకి 92 వేలు. మూడో నెల లక్షా 41 వేలు, దానిమీద జీఎస్టీ 18 శాతం. "ఏందబ్బయా, కరెంటు బిల్లు మాదిరి ఇది కూడా నెలనెలా పెరగతా ఉండాదే?" అన్నారు ఎండీ గారు. నిజానికి ఆయన పోలిక సరైనదే. తీసేసిన మిషన్ల డిస్కులు, ట్రయల్స్‌లో తీసిన స్నాప్‌షాట్లు (డిస్కు నకళ్ళు), ఎవరూ వాడని పబ్లిక్ ఐపీలు (ఇంటర్నెట్ చిరునామాలు), అన్నింటికీ మీటరు తిరుగుతోంది. మిషన్ డిలీట్ చేస్తే దాని డిస్కు పోదన్న సంగతి బిల్లు చూశాకే నేర్చుకున్నాను. వీటన్నింటికంటే పెద్ద పోటు లాగ్‌లది, అంటే సర్వర్లలో ఎప్పుడు ఏం జరిగిందో రాసుకునే చిట్టాలది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఇండియాలో ఉంచాలి. నేను అతి జాగ్రత్తకి పోయి అన్ని సర్వర్ల ప్రతి చిన్న సందేశాన్నీ ఖరీదైన లాగ్ సర్వీసులో పోశాను. ఇప్పుడు లాగిన్లు, ఫైర్‌వాల్ లాంటి అవసరమైనవి మాత్రమే అందులోకి పోతాయి, నెల దాటినవి చవక స్టోరేజీలోకి. బిల్లు లక్షా పదివేల దగ్గర కుదురుకుంది. మొదటి అంచనాకి మాత్రం ఏనాడూ రాలేదు.

రోజువారీ నిర్వహణకి పోర్టల్ బాగుంది. ఇక్కడివి, అక్కడివి ఒకే పట్టికలో కనిపిస్తాయి. విండోస్ ప్యాచ్‌లు ఆదివారం తెల్లవారుజామున వాటంతటవే పడతాయి. అంతకుముందు అది నెలకొక రాత్రి జాగరణ. అప్పుడప్పుడు లోకల్ సర్వర్ నడుస్తూనే ఉన్నా పోర్టల్‌లో "డిస్‌కనెక్టెడ్" అని ఎర్రగా కనిపిస్తుంది, సర్వర్ సంగతులు పోర్టల్‌కి చేరవేసే ఏజెంటు ప్రోగ్రాం రీస్టార్ట్ చేస్తే సరి. మొదట్లో టెన్షన్ పడేవాడిని. సపోర్టు సంగతి ఎక్కువ చెప్పను. టికెట్ పెడితే మర్యాదగా మాట్లాడతారు, ఒకే లాగ్ ఫైలు మూడుసార్లు అడుగుతారు.

బ్యాకప్‌కి మాత్రం పూర్తి మార్కులు. 30 రోజుల దాకా ఎవరూ, నేను కూడా చెరపలేని తాళం పెట్టొచ్చు. మూడు నెలలకోసారి అకౌంట్స్ డేటాబేస్‌ని తిరిగి లేపి చూస్తాను. ఇప్పటిదాకా ఒక్కసారి తప్పింది, అదీ నేను తప్పు తేదీ ఎంచుకున్నందుకు.

2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరాక ఆర్డర్లు తగ్గి ఒక షిఫ్టు ఆగింది. అప్పుడు క్లౌడ్‌లోని మూడు మిషన్ల సైజు సగానికి దించాను, మరుసటి నెల బిల్లులోనే తేడా కనిపించింది. ఫ్యాక్టరీలోని రెండు సర్వర్ల ఈఎంఐ మాత్రం రొయ్య ఉన్నా లేకపోయినా ఒకటే. దీనివల్ల నా లెక్క కొంచెం మారింది. లోకల్‌లో ఉండి తీరాల్సినవి అని నేను రాసుకున్న జాబితాలో రెండు మిషన్లు అలవాటు కొద్దీ ఉన్నవే.

వచ్చే ఏడాది ఆ సర్వర్ల వారంటీ అయిపోతుంది. అన్నీ క్లౌడ్‌కి పంపేయండి సార్ అని ఒక కొటేషన్, ఉన్నవాటికంటే పెద్దవి కొనండి అని ఇంకోటి, రెండూ టేబుల్ మీద ఉన్నాయి. మొదటిది తెచ్చినాయన్ని పొద్దున ఏడింటికి కాటా దగ్గరికి రమ్మన్నాను, వస్తానని ఇంకా రాలేదు. నేను మాత్రం ఇప్పుడున్న వాటికంటే ఒక సైజు చిన్నవే అడగబోతున్నాను.